మీ ఇల్లు అమ్ముతారా అని అడిగే ఉత్తరం

పోస్టు డబ్బాలో కరెంటు బిల్లుకీ, కొట్ల కూపన్లకీ మధ్య ఒక పసుప్పచ్చ కాగితం ఉంటుంది. నోటు పుస్తకంలోంచి చింపినట్టు గీతలు, చేత్తో రాసినట్టు అక్షరాలు. మీ ఇల్లు నాకు బాగా నచ్చింది, అమ్మే ఆలోచన ఉంటే ఫోన్ చేయండి, రిపేర్లేవీ చేయించక్కర్లేదు, డబ్బు మొత్తం ఒకేసారి ఇచ్చేస్తాను అని అందులో ఉంటుంది. అమెరికాలో సొంత ఇల్లున్న మన వాళ్లలో ఈ ఉత్తరం అందనివాళ్లు తక్కువ. వేలు తడిపి రుద్దితే చాలాసార్లు ఆ సిరా చెదరదు. చేతిరాతలా కనిపించేలా అచ్చు వేసిన కాగితం అది. మీ వీధిలో ఇంకా ఎంతమందికి వెళ్లిందో రాసినవాడికే తెలియాలి.

మన ఊళ్లలో ఇలా ముఖాన అడిగేస్తే ఊరుకోరు. "ఏం, మాకు అప్పులున్నాయని ఎవరైనా చెప్పారా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. తప్పనిసరై అడగాల్సి వస్తే మధ్యవర్తి వస్తాడు. మంచినీళ్లు తాగుతాడు, పిల్లల చదువులు అడుగుతాడు, వానల గురించి మాట్లాడతాడు, లేవబోతూ గుమ్మం దగ్గర ఆగి అప్పుడు మెల్లిగా విషయం కదుపుతాడు. ఆ మధ్యవర్తి ఎవరి తాలూకు మనిషో, అవతల కొనేదెవరో, వాళ్లకి ఈ ఇల్లు ఎందుకు కావాలో ఇంట్లో అందరికీ తెలుస్తుంది. తెలియకపోతే సాయంత్రానికల్లా పక్కింటివాళ్లు చెప్తారు.

పోస్టులో వచ్చే ఉత్తరానికి ఈ హంగులేవీ లేవు. ఎవరు, ఎందుకు అన్నవి అందులో ఉండవు. పైగా అది ఒక్క ఇంటికే రాసినట్టు వస్తుంది. ఈ అలవాటు ఎక్కడిదా అని వెతికితే ఓ డెబ్భై ఏళ్లు వెనక్కి, షికాగో దాకా వెళ్లాల్సి వచ్చింది. అక్కడ కనిపించినవి చదివాక ఆ పసుప్పచ్చ కాగితాన్ని నేను ఊరికే చెత్తబుట్టలో వేయడం మానేశాను. ఎందుకో చెప్తాను.

20వ శతాబ్దం మొదటి భాగం నుంచి 1970 దాకా దాదాపు 60 లక్షల మంది నల్లజాతి వాళ్లు అమెరికా దక్షిణ రాష్ట్రాలు వదిలి షికాగో, డెట్రాయిట్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్ లాంటి నగరాలకు వలస వచ్చారు. పనులు దొరికాయి కానీ ఇళ్లు దొరకలేదు. చాలా పేటల్లో ఇంటి దస్తావేజుల్లోనే "నల్లవాళ్లకి అమ్మరాదు" అని షరతు రాసి ఉండేది. అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని 1948లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా అప్పు పుట్టేది కాదు. 1930ల్లోనే ప్రభుత్వ సంస్థ ఒకటి నగరాల మ్యాపులకి రంగులు వేసింది. మంచి పేటలకి ఆకుపచ్చ, అప్పు ఇస్తే ప్రమాదం అనుకున్న పేటలకి ఎరుపు. నల్లజాతి కుటుంబాలున్న పేటలు ఎరుపులోకి వెళ్లాయి. 1934లో పెట్టిన గృహ రుణాల బీమా పథకం కూడా అలాంటి పేటలకు అందలేదు. అంటే తెల్లవాళ్లకి తక్కువ వడ్డీతో బ్యాంకు అప్పు, నల్లవాళ్లకి చేతిలో డబ్బున్నా ఇల్లు లేదు.

ఇల్లు కావాల్సినవాళ్లు ఒక పక్క, ఇల్లున్నవాళ్లు ఇంకో పక్క, మధ్యలో గోడ. ఆ గోడ దగ్గర కూర్చుని బేరం చేసుకున్నవాళ్లే ఈ ఉత్తరాల వ్యాపారానికి పెద్దలు.

వాళ్లు చేసిన పని ఇదీ. ఒక తెల్లవాళ్ల వీధిని చూసుకుని, అందులో ఒక్క ఇల్లు ఎలాగోలా కొని ఒక నల్లజాతి కుటుంబానికి ఇచ్చేవాళ్లు. ఆ తర్వాత వీధిలో మిగిలిన ఇళ్లకి కార్డులూ, కరపత్రాలూ, ఫోన్లూ. మీ ఇల్లు అమ్ముతారా, ఇప్పుడైతే మంచి ధర వస్తుంది, ఆలస్యం చేస్తే ఎంతొస్తుందో చెప్పలేం అని. కొన్నిచోట్ల ఒక నల్లజాతి ఆవిడకి కూలి ఇచ్చి, పిల్లల బండి తోసుకుంటూ ఆ వీధిలో అటూ ఇటూ నడవమన్నారట. ఆ బండి చూసి కిటికీ తెరల వెనకాల ఉన్నవాళ్లు గుండెలు పట్టుకున్నారు. ఒక తల్లి పిల్లల బండి తోసుకుంటూ వెళ్తే ఒక వీధి మొత్తం భయపడిందంటే, ఆ భయం ఆ తల్లిది కాదు, చూసినవాళ్లలో ముందే ఉన్నది. బ్రోకర్లు దాన్ని కొత్తగా పుట్టించక్కర్లేకపోయింది, ఒక్కసారి కదిపితే చాలింది.

దీనికి ఇంగ్లీషులో బ్లాక్‌బస్టింగ్ అని పేరు. మన సినిమావాళ్ల బ్లాక్‌బస్టర్ కాదండోయ్, ఇది వీధుల్ని బద్దలుకొట్టే పని. 1962లో శాటర్డే ఈవినింగ్ పోస్ట్ అనే పెద్ద పత్రికలో షికాగో బ్రోకరు ఒకాయన నారిస్ విచెక్ అనే మారుపేరుతో తన వ్యాపారం ఎలా నడుస్తుందో పూసగుచ్చినట్టు చెప్పాడు. దొంగతనంగా చెప్పలేదు, వ్యాపార రహస్యాలు చెప్తున్నట్టే చెప్పాడు. చదివినవాళ్లు ఉలిక్కిపడ్డారు గానీ ఆ పని ఆగలేదు. షికాగోలో నార్త్ లాండేల్ అనే పేట ఉంది. 1950లో అక్కడ నల్లజాతి వాళ్లు నూటికి 13 మంది. 1960కి 91 మంది. పదేళ్లలో ఒక పేట పేటంతా చేతులు మారింది. ఇల్లు అమ్మడం అంటే ఎంత పనో మనకి తెలుసు. అటక మీద సామాను దించాలి, పిల్లల బడి మార్చాలి, ఏళ్ల తరబడి కూరా పచ్చడీ ఇచ్చిపుచ్చుకున్న పక్కింటివాళ్లని వదలాలి. అలాంటి పని పదేళ్లలో దాదాపు ప్రతి ఇంట్లో జరిగింది.

భయపడి అమ్మినవాళ్లకి తక్కువ ధర వచ్చింది. మరి కొన్నవాళ్లకి చవగ్గా దొరికిందా? అదీ లేదు.

క్లైడ్ రాస్ అనే ఆయన మిసిసిపీ నుంచి వచ్చి షికాగోలో పని చేసుకునేవాడు. 1961లో నార్త్ లాండేల్‌లో 27,500 డాలర్లకి ఇల్లు కొన్నాడు. అమ్మినవాడు అదే ఇంటిని అంతకు కొద్ది నెలల ముందు 12,000 డాలర్లకి కొన్నాడు. రాస్‌కి బ్యాంకు అప్పు ఇవ్వదు కాబట్టి కాంట్రాక్టు మీద కొన్నాడు. కాంట్రాక్టు అంటే నెలనెలా వాయిదా కట్టాలి, కానీ ఆఖరి వాయిదా కట్టేదాకా ఇల్లు అమ్మినవాడి పేరు మీదే ఉంటుంది. రిపేర్లు మాత్రం కొన్నవాడివే. ఒక్క వాయిదా తప్పితే ఇల్లూ పోతుంది, అప్పటిదాకా కట్టిన డబ్బూ పోతుంది. అలా ఒక కుటుంబాన్ని ఖాళీ చేయించి అదే ఇంటిని ఇంకొకరికి అమ్మేవాళ్లు. సొంత ఇంటికి ఉండే బరువులన్నీ ఉన్నాయి, అద్దె ఇంటికి ఉండే నిలకడ లేకపోవడమూ ఉంది. 2019లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు లెక్క కట్టారు. 1950, 60ల్లో ఒక్క షికాగోలోనే నల్లజాతి కుటుంబాలు ఈ కాంట్రాక్టుల వల్ల పోగొట్టుకున్నది ఇప్పటి విలువలో 300 నుంచి 400 కోట్ల డాలర్లు.

ఆ లెక్క వెనకాల ఇళ్లలో జరిగింది ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు. వాయిదా తప్పకూడదని భర్త రెండు ఉద్యోగాలు, భార్య ఒక ఉద్యోగం. పిల్లలు స్కూలు నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఉండరు. ఇల్లు నిలబెట్టుకోవడానికి ఇంట్లో ఉండకుండా పోవడం.

ఒక ఉత్తరంతో మొదలైన బేరంలో ఒక కుటుంబం తక్కువకి అమ్మింది, ఇంకో కుటుంబం ఎక్కువకి కొంది. మధ్యవాడు రెండువైపులా తిన్నాడు. ఆ రెండు కుటుంబాలూ ఒకసారి కూర్చుని మాట్లాడుకుని ఉంటే ఎంతకి అమ్మారు, ఎంతకి కొన్నారు అన్నది ఒక్క నిమిషంలో తేలిపోయేది. ఆ ఒక్క నిమిషం రాకుండా చూసుకోవడమే అతని వ్యాపారం. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా పట్టుకున్న సంగతి ఇదే. ఎక్కడ ఆ వ్యాపారం చతికిలబడిందో వెతికితే, చాలాచోట్ల చట్టం కన్నా ముందు ఇరుగుపొరుగు మాట్లాడుకోవడం కనిపించింది.

ఫిలడెల్ఫియాలో వెస్ట్ మౌంట్ ఎయిరీ అనే పేట ఉంది. 1950ల్లో అక్కడా నల్లజాతి కుటుంబాలు ఇళ్లు కొనడం మొదలైంది, బ్రోకర్ల రాకపోకలూ మొదలయ్యాయి. అక్కడి చర్చిలూ యూదుల ప్రార్థనా మందిరమూ కలిసి జనాన్ని కూర్చోబెట్టాయి. వీధుల వారీగా ఇళ్లలో సమావేశాలు పెట్టుకున్నారు. కొత్తగా వచ్చినవాళ్లని పరిచయం చేసుకున్నారు. బ్రోకర్లతో కూడా నేరుగా మాట్లాడారు. 1959లో దానికోసం ఒక సంఘమే పెట్టుకున్నారు. అమ్మాలనుకున్నవాళ్లు అమ్ముకున్నారు, ఉండాలనుకున్నవాళ్లు ఉన్నారు, కానీ వీధికి వీధి పరుగెత్తలేదు. ఈ రోజుకీ అమెరికాలో అన్ని రంగులవాళ్లూ కలిసి ఉండే పేట అంటే ఉదాహరణకి ఆ పేరే చెప్తారు. అందరూ గొప్ప ఉదారులై అలా జరిగిందని నేననుకోను. మనకి అరుగులుండేవి చూడండి, అలాంటి అరుగు ఒకటి వాళ్లు ఏర్పాటు చేసుకున్నారు.

షికాగోలో కాంట్రాక్టు మీద కొన్నవాళ్లు కూడా చివరికి అదే చేశారు. అంతకు ముందు ఎవరికి వాళ్లు తామే మోసపోయామని సిగ్గుపడి నోరు మెదపలేదు. ఇంటి గుట్టు బయటపడకూడదనేది ఏ దేశంలోనైనా ఒకటే. 1968లో రూత్ వెల్స్ అనే ఇల్లాలు తన ఇల్లు అమ్మినవాడి దగ్గరికి వెళ్లి లెక్క అడిగింది. పేటలో పని చేయడానికి వచ్చిన కాలేజీ కుర్రాళ్లు రిజిస్ట్రేషన్ రికార్డులు తిరగేసి, ఏ ఇల్లు ఎంతకి కొని ఎంతకి అమ్మారో రాసుకొచ్చారు. చర్చిలో వారం వారం సమావేశాలు. ఒక్కొక్కరూ లేచి "మాదీ అంతే" అనడం. అలా కాంట్రాక్ట్ బయ్యర్స్ లీగ్ పుట్టింది. క్లైడ్ రాస్ అందులో ముందు నిలబడ్డాడు. వందల కుటుంబాలు వాయిదాలు అమ్మినవాడికి కట్టడం ఆపేశాయి. పోలీసులు వచ్చి సామాను వీధిలో పడేస్తే, ఇరుగుపొరుగు వచ్చి మళ్లీ లోపల పెట్టేవాళ్లు. కోర్టు కేసుల్లో వాళ్లు ఓడిపోయారు. కానీ వందలాది కాంట్రాక్టులు మాత్రం న్యాయమైన ధరకి తిరగరాయించుకున్నారు.

ఇక చట్టం సంగతి. మార్టిన్ లూథర్ కింగ్‌ని 1968 ఏప్రిల్ 4న చంపేశారు. వారం తిరక్కుండానే ఏప్రిల్ 11న ఫెయిర్ హౌసింగ్ చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేశాడు. ఫలానా జాతివాళ్లు, ఫలానా మతంవాళ్లు మీ పేటలోకి వస్తున్నారని చెప్పి లాభం కోసం ఎవరిచేతైనా ఇల్లు అమ్మించడం ఆ చట్టం ప్రకారం చెల్లదు. గమనించండి, ఇల్లు అమ్ముతారా అని అడగడం తప్పు కాలేదు, భయపెట్టి అడగడం తప్పయింది. దాంతో ఉత్తరాలు ఆగలేదు, భాష మారింది. భయం అనే మాట తీసేసి, మీ వీధిలో ఇళ్లు చాలా అమ్ముడవుతున్నాయి, మీ ఇంటికీ గిరాకీ ఉంది అని రాయడం మొదలైంది.

మేముండే న్యూజెర్సీలోనే దీనికి ఒక విచిత్రమైన ఉదాహరణ ఉంది. ఇప్పుడు విల్లింగ్‌బరో అనే ఊరిలో 1958లో లెవిట్ కంపెనీ వేల ఇళ్లు కట్టి అమ్మడం మొదలుపెట్టింది. తెల్లవాళ్లకే అమ్ముతానని విలియం లెవిట్ బాహాటంగా చెప్పాడు. నల్లజాతి సైనికాధికారి ఒకాయన పోరాడితే 1960లో రాష్ట్ర సుప్రీంకోర్టు అది కుదరదంది. ఊరు మెల్లిగా కలగలిసింది. 1970లో జనాభాలో తెల్లవాళ్లు కానివాళ్లు నూటికి 12 మంది లోపు, 1973కి 18 మంది. తెల్లవాళ్లు కంగారుపడి వెళ్లిపోతారేమోనని ఊరి పాలకులకి బెంగ పట్టుకుంది. 1974లో ఇళ్ల ముందు "అమ్మబడును" బోర్డులు పెట్టకూడదని నిషేధం పెట్టారు. వరసగా బోర్డులు కనిపిస్తే మిగతావాళ్లు కూడా బోర్డు పెడతారని వాళ్ల భయం.

కేసు ఢిల్లీకి పోయినట్టు వాషింగ్టన్‌కి పోయింది. 1977లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది. తీర్పు రాసింది థర్గుడ్ మార్షల్. సుప్రీంకోర్టులో మొట్టమొదటి నల్లజాతి న్యాయమూర్తి. 1948లో దస్తావేజుల షరతుల మీద వాదించిన లాయర్లలో ఆయన కూడా ఒకడు. ఊళ్లో అన్ని జాతులవాళ్లూ కలిసి ఉండాలన్న ఉద్దేశం మంచిదే అన్నాడు. కానీ ఒక కుటుంబం ఎక్కడ ఉండాలి అన్నది ఎంతో పెద్ద నిర్ణయం, దానికి కావాల్సిన సమాచారం దాచిపెట్టి మేలు చేస్తామంటే కుదరదన్నాడు. జనం భయపడుతుంటే వాళ్లకి నిజం చెప్పి భయం పోగొట్టాలి గానీ కళ్లు కప్పకూడదన్నమాట. ఇంట్లో పెద్దవాళ్లకి డాక్టరు రిపోర్టులు చూపించకుండా దాచే మనలాంటి వాళ్లకి కూడా ఈ తీర్పు కొంచెం తగులుతుంది.

మరి ఉత్తరాలు వద్దనుకునేవాళ్లకి దారేమిటి? దానికి 1970లో వచ్చిన ఒక తీర్పు ఉంది. అసభ్యమైన ప్రకటనలు పోస్టులో రాకుండా ఆపమని ఇంటివాళ్లు అడగవచ్చని అంతకు ముందు చట్టం వచ్చింది. పంపేవాళ్లు కోర్టుకెక్కారు. ఏది అసభ్యమో తేల్చేది ఇంటివాళ్లే అని, వినడం ఇష్టం లేని ఇంటి పోస్టు డబ్బా దగ్గరే పంపేవాడి హక్కు ఆగిపోతుందని సుప్రీంకోర్టు చెప్పింది. బట్టల కొట్టు క్యాటలాగు నచ్చకపోయినా ఆపమనవచ్చు అనే దాకా వెళ్లింది. మనకి గుమ్మం ఎలాగో అమెరికాలో పోస్టు డబ్బా అలాగ. పోస్టాఫీసులో 1500 నంబరు ఫారం ఇప్పటికీ ఉంది, ఇంటివాళ్లు అసభ్యం అనుకున్న ప్రకటనలని ఆపించడానికి.

న్యూయార్క్ రాష్ట్రం ఇంకాస్త ముందుకెళ్లింది. కొన్ని ప్రాంతాల్లో బ్రోకర్లు ఏ ఇంటివాళ్లనీ అడగకూడదని మొత్తానికి మొత్తం నిషేధించింది. 1994లో ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. మిగిలింది ఇంకో పద్ధతి. ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో ఉండేవాళ్లు, మమ్మల్ని అడగొద్దని రాసిస్తే వాళ్ల పేరు జాబితాలోకి ఎక్కుతుంది. ఆ తర్వాత వాళ్లని అడిగితే బ్రోకరుదే తప్పు. ఊరంతటికీ ఒకే నిషేధం కాదు, ఎవరి గుమ్మానికి వాళ్లే గొళ్లెం.

ఈ ఉత్తరానికి ఇంకో రూపం ఉంది, అది మన వాళ్లకి బాగా తెలిసినదే. అమ్మకానికి పెట్టిన ఇంటికి పదిమంది పోటీపడితే, కొనేవాళ్లు అమ్మేవాళ్లకి ఉత్తరం రాస్తారు. మేం నలుగురం, పిల్లలు మీ స్కూలుకే వెళ్తారు, మీరు పెంచిన గులాబీలని మేమూ పెంచుతాం అని ఒక ఫోటో కూడా జత చేస్తారు. 2020, 21ల్లో ఇళ్ల కోసం ఎగబడ్డప్పుడు ఇవి మరీ ఎక్కువయ్యాయి. మనసుకి హత్తుకునే ఉత్తరాలే. కానీ ఆ ఫోటోలో ఉన్నదేమిటి? రంగు, బొట్టు, పిల్లలు, ఒక్కోసారి వెనకాల దేవుడి గూడు. ఒకరికి ఆ ఫోటో నచ్చి ఇల్లు ఇచ్చారంటే, ఇంకొకరి ఫోటో నచ్చక ఇవ్వలేదని కూడా కదా అర్థం. 2020లో అమెరికా బ్రోకర్ల జాతీయ సంఘమే ఇలాంటి ఉత్తరాలు చేతులు మార్చొద్దని తన సభ్యులకి సలహా ఇచ్చింది. 2021లో ఒరెగాన్ రాష్ట్రం వీటిని ఆపుతూ చట్టం చేసింది, దేశంలో అదే మొదటిది. 2022లో ఫెడరల్ న్యాయమూర్తి దాన్ని నిలిపేశాడు. ఉద్దేశం మంచిదే గానీ మాట మీద అంత నిషేధం కుదరదన్నాడు. విల్లింగ్‌బరోలో జరిగిందే మళ్లీ జరిగింది.

ఇప్పుడు మన పసుప్పచ్చ కాగితం దగ్గరికి వద్దాం. దాన్ని పంపేవాళ్లలో నిజంగా ఇల్లు కావాల్సినవాళ్లు కూడా ఉంటారు. కానీ చాలామంది కొనేవాళ్లే కాదు. మీతో తక్కువ ధరకి ఒప్పందం రాయించుకుని, ఆ ఒప్పందాన్నే ఇంకొకరికి ఎక్కువకి అమ్మేస్తారు. మధ్యలో తేడా వాళ్లది. దీన్ని హోల్‌సేలింగ్ అంటారు. చాలాచోట్ల అది నేరం కాదు. 2020లో ఫిలడెల్ఫియా నగరం మాత్రం అలాంటివాళ్లకి లైసెన్సు ఉండాలని చట్టం చేసింది. రంగు పేరుతో భయపెట్టడం పోయింది. ఇప్పుడు వాళ్లు వెతికేది ఒంటరితనాన్ని. పన్ను బకాయి పడ్డ ఇళ్లు, యజమాని పోయిన ఇళ్లు, విడాకులైన ఇళ్లు, ఇవన్నీ ప్రభుత్వ రికార్డుల్లో కనిపిస్తాయి. అందుకే ఉత్తరాలు అలాంటి ఇళ్లకే ఎక్కువ వస్తాయి.

మా ఊళ్లో ఒక ఆంటీ ఉన్నారు. అంకుల్ పోయాక పెద్ద ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు, పిల్లలిద్దరూ కాలిఫోర్నియాలో. ఒకరోజు గోంగూర ఇవ్వడానికి వెళ్తే, "ఏమ్మా, ఈ కాగితాలు ఒకసారి చూస్తావా, రేపు సంతకం పెట్టాలి" అన్నారు. ఉత్తరం ఎప్పుడో వచ్చింది, ఆవిడే ఫోన్ చేశారు, ఎవరో వచ్చి రెండుసార్లు కాఫీ తాగి వెళ్లారు.

"అబ్బాయికి చెప్పారా ఆంటీ?"

"వాడికెందుకమ్మా, వాడి హడావుడి వాడిది. ఈ అబ్బాయి ఎంత మర్యాదగా మాట్లాడాడో. పైకప్పు రిపేరు కూడా అక్కర్లేదన్నాడు."

కాగితాల్లో రెండో పేజీలో ఉంది, ఈ ఒప్పందాన్ని కొనేవారు వేరెవరికైనా బదిలీ చేయవచ్చు అని. ధర చూస్తే, అదే వీధిలో అలాంటి ఇల్లు ఆ ఏడాది అమ్ముడైన దానికి మూడో వంతు తక్కువ. నేనేం వాదించలేదు. ఆ వీధిలో ఇల్లు అమ్మినవాళ్లు మాకు తెలుసు కాబట్టి వాళ్లని టీకి పిలిచాం. ఎంతకి అమ్మారో వాళ్లే చెప్పారు. ఆంటీ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లోపలికెళ్లి అబ్బాయికి ఫోన్ చేశారు. ఇల్లు అమ్మాలా వద్దా అన్నది ఇప్పటికీ ఆవిడ ఇష్టమే. సంతకం మాత్రం ఆ మర్నాడు జరగలేదు.

ఇలాంటి పరిస్థితి అమెరికాకే కాదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పాత డాబా ఇంట్లో అమ్మానాన్నలున్న ప్రతివాళ్లకీ తెలుసు. "డెవలప్‌మెంట్‌కి ఇస్తారా" అంటూ బిల్డర్లు వస్తూనే ఉంటారు. ఎన్ని ఫ్లాట్లు మనకి, ఎన్ని వాళ్లకి, కట్టేదాకా అద్దె ఎవరిస్తారు అన్న మాటలు, పిల్లలు విదేశాల్లో ఉన్నప్పుడు, పెద్దవాళ్లు మధ్యాహ్నం నిద్ర లేచిన వేళకి జరుగుతాయి. అక్కడ పక్కవీధివాళ్లకి ఏ లెక్కన ఇచ్చారో కనుక్కోవడం ఇంకా తేలిక. కనుక్కోవాలంతే.

వద్దు అన్నవాళ్ల కథ ఒకటి చెప్పకుండా ఉండలేను. సియాటిల్‌లో బాలార్డ్ అనే పేటలో ఎడిత్ మేస్‌ఫీల్డ్ అనే పెద్దావిడ చిన్న పాత ఇంట్లో ఒక్కరే ఉండేది. చుట్టూ షాపింగ్ కాంప్లెక్సు కట్టడానికి పక్కిళ్లన్నీ కొనేశారు. 2006లో ఆవిడకి 10 లక్షల డాలర్లు ఇస్తామన్నారు. వద్దంది. తన తల్లి పోయింది ఈ ఇంట్లోనే, తనూ ఇక్కడే పోవాలనుకుంటున్నానంది. మూడు వైపులా ఐదంతస్తుల గోడలు లేచాయి, మధ్యలో ఆ బుల్లి ఇల్లు అలాగే ఉంది. కట్టడం పనులు చూసే బారీ మార్టిన్ అనే ఆయన్ని ఆవిడ ఒకసారి క్షౌరశాలకి దింపమని అడిగింది. అక్కణ్ణుంచి ఆయన ఆవిడకి వంట చేసి పెట్టడం, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం దాకా వచ్చింది. 2008లో 86 ఏళ్ల వయసులో, కోరుకున్నట్టే ఆ ఇంట్లోనే ఆవిడ కన్నుమూసింది. ఇల్లు బారీ మార్టిన్ పేర రాసి వెళ్లింది.

అందరూ ఆవిడలా వద్దనాలని నేను చెప్పను. మోకాళ్లు నొప్పులు, మెట్లు ఎక్కలేరు, పిల్లల దగ్గరికి వెళ్లాలి. అమ్మడంలో తప్పేమీ లేదు, ఆ ఉత్తరం వల్ల మంచి బేరం కుదిరినవాళ్లూ ఉంటారు. కానీ జవాబు రాసే ముందు నాలుగు సంగతులు కనుక్కోండి. రాసినవాళ్లు ఉండటానికి కొంటున్నారా, ఒప్పందాన్ని అమ్ముకోవడానికా? మీ వీధిలో ఈ ఏడాది అలాంటి ఇల్లు ఎంతకి పోయింది? పక్కింటికీ ఇదే ఉత్తరం వచ్చిందా? తొందరపెడుతున్నారా, అయితే తొందర ఎవరిది? ఈ నాలుగింటికీ జవాబు ఆ కవర్లో దొరకదు. పక్కింటికి వెళ్లి అడగాలి, వెళ్లేటప్పుడు ఆ కవరు కూడా పట్టుకెళ్లండి.